తొలి వాయి

మా ఆయన రాజారావు పోయింది 1997 జూన్ ఒకటో తేదీ, ఆదివారం. ఉదయం ఆరు గంటల రెండు నిమిషాలకు వ్యానులో ఆయన్ని శంషాబాద్ నుంచి పట్నం బయలుదేరదీశాం. అయిదూ నలభైకి బయలుదేరవలసింది. మధ్యలో ఇరవై రెండు నిమిషాలు మల్లేశ్వర్ హోటల్లో గడిచాయి.

నెలలో మొదటి ఆదివారం మేం బయట టిఫిన్ తినేవాళ్ళం. ఆయన రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయంలో మట్టి పరీక్షలు చేసే ల్యాబులో పనిచేసేవారు. నేను శంషాబాద్‌లో ఒక ఎయిడెడ్ హైస్కూల్లో అప్పటికి పదహారేళ్ళుగా సామాన్యశాస్త్రం చెబుతున్నాను. పిల్లలు లేరు. మా ఇద్దరికీ విలాసం అంటే ఆ ఒక్క టిఫినే. ఆయనకు తొలి వాయి ఇడ్లీ కావాలి. "తొలి వాయిలో ఉతికి ఆరేసిన గుడ్డ వాసన ఉంటుంది కావేరీ. రెండో వాయికి అది పోతుంది" అనేవారు. ముందు ఇడ్లీ అంచులన్నీ తిని, మెత్తటి మధ్యభాగాన్ని చివరికి ఉంచుకునేవారు. నాకు ఏ వాయి అయినా ఒకటే. కానీ ఆయన కోసం చీకటితోనే లేచి, బెంగళూరు రోడ్డు వెంట బస్టాండు దాకా నడిచేదాన్ని.

ఆ రోజు చినుకులు పడుతున్నాయి. మల్లేశ్వర్ అప్పుడే షట్టర్ ఎత్తి, గల్లాపెట్టె పక్కనున్న దేవుడి పటానికి అగరుబత్తీలు వెలిగిస్తున్నాడు. సర్వర్ మొగులయ్య బల్లలు తుడుస్తున్నాడు. లోపల ఇడ్లీపాత్ర పొయ్యి మీదికి ఎక్కిన చప్పుడు వినిపించింది. గడియారం కింద మొదటి బల్ల దగ్గర కూర్చున్నాం. ఆయన కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకుంటూ ఆగిపోయారు. కళ్ళజోడు బెంచీ మీద పెట్టారు. ఎడమచెయ్యి ఛాతీకి ఆనించుకుని, "కొంచెం పడుకుంటాను" అన్నారు. అంతే. ముఖం నిండా చెమట.

హోటల్ పక్కనే మల్లేశ్వర్ వ్యాను ఉంది, రోజూ పట్నం నుంచి కూరగాయలు తెచ్చేది.

"వ్యాను తీయండి మల్లేశ్వర్ గారూ. పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్ళాలి."

అతను అగరుబత్తీలు చేతిలో పట్టుకునే మా ఆయన్ని చూశాడు. కంగారు పడ్డాడు. దుర్మార్గుడిలా లేడు. అది నాకు బాగా గుర్తు.

"ఎట్ల టీచరమ్మా, ఇంక బోణీ గాలె."

నాకు అర్థం కాలేదు.

"బోణీ గాకుండ బండి తియ్య నేను. జర ఆగుండ్రి. ఎవరన్న గిరాకి రానియ్యుండ్రి."

పర్సులోంచి చేతికందిన నోటు తీసి గల్లాపెట్టె మీద పెట్టాను. "ఇదిగో బోణీ. పదండి."

అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "తినకుండ పైసలు తీస్కుంటె గది బోణీ గాదమ్మా. ఒక్క ఇడ్లీ తినుండ్రి. తిని ఇయ్యుండ్రి. గంతే. తిన్నంక ఒక్క నిమిషం ఆగ."

"ఇడ్లీ ఏది?"

"అయితుంది. ఆవిరొస్తుంది. ఇగ పది నిమిషాలు."

వానలో రోడ్డు మీదికి పరిగెత్తాను. రెండు లారీలు ఆగకుండా పోయాయి. ఆటోలు నిలిచే చోట ఒక్క ఆటో లేదు. ఎదురుగా ఫోను బూతుకు తాళం. నాకు గట్టిగా అరవడం రాదు. బడిలో కూడా అరవను. ఆయనకూ రాదు. నేను తిరిగి వచ్చేసరికి బెంచీ మీద వెల్లకిలా పడుకుని, పైకప్పు రేకులు చూస్తూ, నెమ్మదిగా ఊపిరి తీసుకుంటున్నారు, ఎవరికీ ఇబ్బంది కలిగించకూడదన్నట్టుగా.

వాయి దిగింది. మొగులయ్య ఒక ఇడ్లీ పెట్టిన ప్లేటు పరుగున తెచ్చాడు. నేను నిలబడే తిన్నాను. నాలుక కాలింది. ఆయన తల తిప్పి, నేను తినడం చూశారు. నోటు మళ్ళీ ఇచ్చాను. మల్లేశ్వర్ దాన్ని కళ్ళకద్దుకుని గల్లాలో వేసి తాళంచెవులు తీశాడు.

వ్యాను బాగా నడిపాడు. అదీ చెప్పాలి. దారంతా ఏడుస్తూనే నడిపాడు. ఆరాంఘర్ చౌరస్తా దాటాక నా చేతిలో ఉన్న ఆయన చేతి బరువు మారింది.

"ఇరవై నిమిషాలు ముందు తెస్తే?" అని డాక్టరును అడిగాను.

"చెప్పలేం అమ్మా" అన్నాడు.

లేదు అనలేదు. చెప్పలేం అన్నాడు. ఆ మాట పట్టుకుని ఇంటికి వచ్చాను.

*

పదో రోజుకు మా ఆడపడుచు మంగాదేవి తణుకు నుంచి వచ్చింది. ముందుగదిలో ఆడవాళ్ళు కూర్చుని ఉండగా నా బొట్టు మాట ఎత్తింది.

"తీయను వదినా" అన్నాను.

"నీ ఇష్టమేనా అన్నీ? నలుగురూ ఏమనుకుంటారు?"

"మీ తమ్ముడే చెప్పారు, తాను ముందు పోతే తీయొద్దని. నేను ముందు పోతే తానూ పెట్టుకుంటానన్నారు."

ఆ మాటకు ఏడుపు మధ్యలో ఆమెకు నవ్వు వచ్చింది. "వెధవ" అని తమ్ముణ్ణి తిట్టి, కళ్ళు తుడుచుకుని ఊరుకుంది. బొట్టుతోనే బడికి వెళ్ళాను. ఎనిమిదో తరగతి పిల్లలు నా నుదురు చూసి, ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, పుస్తకాలు తెరిచారు.

జూన్ చివర్లో ఆయన కళ్ళజోడు గుర్తొచ్చింది. నాలుగింటికే మెలకువ వచ్చే రోజులవి. హోటల్ తెరిచే వేళకు వెళ్ళి షట్టర్ ముందు నిలబడ్డాను. మల్లేశ్వర్ షట్టర్ ఎత్తి, నన్ను చూసి, సగంలో ఆపాడు.

"టీచరమ్మా, ఇంక బోణీ గాలె. ఎండెక్కినంక రాండ్రి."

అతని చూపు నా నుదుటి మీదికి పోయి తడబడింది. బొట్టు ఉండటం వల్ల ఏదో మాట నోటిదాకా వచ్చి ఆగింది.

"కళ్ళజోడు కోసం వచ్చాను. ఇడ్లీ కూడా తింటాను."

"ఎట్లనమ్మా మరి..." అతను రోడ్డుకేసి చూశాడు. ఎవరూ రావడం లేదు. "మొదలొచ్చిన గిరాకిని తిరగ్గొడ్తె ఇంక పాపం. వద్దనద్దు. కానీ మీరు గిట్ల... మొన్ననే గద..."

అప్పుడే ఒక లారీ ఆగింది. డ్రైవరు సోమయ్య దిగి, "అన్నా, రెండు పూరి" అంటూ నా పక్క నుంచి లోపలికి పోయాడు. మల్లేశ్వర్ ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. మొగులయ్య కళ్ళజోడు తుడిచి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

నడిచి వస్తుంటే పాఠం తయారు చేసుకున్నంత స్పష్టంగా నాకు కనిపించింది. మొదటి గిరాకీని అతను వద్దనలేడు. విధవ చేతి బోణీ అంటే అతనికి ప్రాణం పోతుంది. రెండూ అతని నియమాలే. నేను కల్పించింది ఒక్కటీ లేదు.

మర్నాడు అద్దం ముందు నిలబడి నా స్టిక్కర్ బొట్టు తీసి అద్దం మూలకు అంటించాను. బడికి వెళ్ళేముందు ఇంటికి వచ్చి మళ్ళీ పెట్టుకోవచ్చు. పదో రోజున పదిమంది ఆడవాళ్ళు చేయలేని పనిని నా చేత్తో నేనే చేసుకున్నాను.

షట్టర్ లేచేసరికి ఎదురుగా నేనున్నాను.

"ఒక ప్లేటు ఇడ్లీ" అన్నాను.

మల్లేశ్వర్ నా నుదురు చూశాడు. ఈసారి చూపు తడబడలేదు, దిగిపోయింది. నేను తిని నోటు ఇచ్చాను. దాన్ని కళ్ళకద్దుకోవాలా వద్దా అని అతని చెయ్యి గాలిలో ఆగింది.

*

జూలై అంతా వెళ్ళాను. వాన పడ్డా వెళ్ళాను. ఒంట్లో బాగా లేకపోయినా వెళ్ళాను. గడియారం కింద అదే బల్ల, ఆయన పడుకున్న బెంచీకి ఎదురుగా. నేనేమీ అనేదాన్ని కాదు. తినేదాన్ని, డబ్బు ఇచ్చేదాన్ని, వచ్చేసేదాన్ని.

అతను అయిదింటికే తెరవడం మొదలుపెట్టాడు. నేను అయిదింటికే వెళ్ళాను. ఒకరోజు బావమరిదిని లోపల ముందే కూర్చోబెట్టి ఇడ్లీ పెట్టించాడు. మొగులయ్య నా ముందే అన్నాడు: "ఇంటోడు తింటె బోణీ అయితదా సేటూ? గట్లయితె మనమే దినుకుంట కూసుందుము, గిరాకి ఎందుకు?"

"నువ్వు నోర్ముయ్యి కాకా" అన్నాడు మల్లేశ్వర్.

గుమ్మానికి నిమ్మకాయలు వచ్చాయి, మిరపకాయలు వచ్చాయి, బూడిద గుమ్మడికాయ వచ్చింది. చివరికి ఎవరో చెప్పారని తూర్పు గోడ పగలగొట్టించి కొత్త దర్వాజ పెట్టించాడు. తెరిచిన రోజున కొత్త మెట్టు మీద నేను నిలబడి ఉన్నాను. లారీ సోమయ్య నా వెనకే వచ్చాడు.

"ఏంది మల్లేశన్నా, దర్వాజ దుకాణానికి పెట్టిచ్చినవా, టీచరమ్మకు పెట్టిచ్చినవా? గీడికెళ్ళి ఆమెకు ఇంక దగ్గరైంది."

హోటలంతా నవ్వింది. మల్లేశ్వర్ నవ్వలేదు. నేను లోపల ఎక్కడో నవ్వాను. జూన్ ఒకటి తర్వాత అదే మొదటిసారి.

అతను చిక్కిపోయాడు. చిల్లర తప్పు ఇచ్చి గిరాకీలతో గొడవపడేవాడు. పాలు విరిగితే నా వైపు చూసేవాడు. దోసెలు వేసే మనిషిని నలుగురిలో తిట్టాడు. ఆ మనిషి మానేసి, రోడ్డుకు అవతల కొత్తగా పెట్టిన హోటల్లో చేరాడు. లారీలు కూడా అవతల ఆగసాగాయి. ఇదంతా నా చేతి మహిమ కాదని నాకు తెలుసు. భయపడిన మనిషి పనిని పాడుచేసుకుంటాడు, అంతే. తరగతిలో అయితే బోర్డు మీద రాసి చూపించేదాన్ని. ఇక్కడ ఊరుకుని చూశాను. రోజుకొక ఇడ్లీ ఖర్చుతో ఒక మనిషి ఇలా కుంగడం చూడవచ్చని నాకు ఇంతకుముందు తెలియదు.

ఒకరోజు మొగులయ్య బల్ల తుడుస్తున్నట్టుగా వంగి మెల్లగా చెప్పాడు.

"అమ్మా, మీకు ఎరుక లేదేమో. మూడేండ్ల కింద గిట్లనే పొద్దుగాల, బోణీ గాకముందే బండి తీసిండు సేటు. తమ్ముడు పక్కన కూసున్నడు. పాల్మాకుల కాడ బోల్తపడ్డది. తమ్ముడు ఆడనే పోయిండు. గప్పటి సంది గిట్లయిండు. మంచోడే అమ్మా."

విన్నాను. తమ్ముడు పోయిన మనిషికి ఆ ఉదయం కాళ్ళు ఎందుకు కదల్లేదో అర్థమైంది కూడా.

"ఇంకో ఇడ్లీ తీసుకురా మొగులయ్యా" అన్నాను.

వంట చూసేది మల్లేశ్వర్ భార్య ప్రేమలత. నా దగ్గరే చదువుకుంది. పదో తరగతి తర్వాత పెళ్ళి చేశారు. నేను వెళ్ళినప్పుడల్లా కిటికీలోంచి నమస్కారం పెట్టేది. జూలై చివర్లో ఒకరోజు తానే ప్లేటు పట్టుకొచ్చి ఎదురుగా నిలబడింది.

"అల్లం చెట్ని ఏసిన టీచర్. మీకిష్టం గద."

తల ఊపాను.

"యాదున్నదా టీచర్, మమ్ముల గోల్కొండ తీస్కపోయిండ్రు. బస్సెక్కేటప్పుడు ఖాళీ బిందె పట్టుకొని నన్నే ఎదురు రమ్మన్నరు. మా అవ్వ లొల్లి చేసింది, పోరిని అపశకునం జేసిండ్రని. మీరు ఏమన్నరు? సాయంత్రం అందరం తిరిగొచ్చినంక మాట్లాడుకుందమన్నరు." ఆమె నవ్వింది. "అందరం మంచిగనే వచ్చినం. ఒక్క లింగమ్మకే వాంతులు. గది కూడ బిందెతోని గాదు, జామకాయలతోని."

నేను ఇడ్లీ తుంచుతూ ఉన్నాను.

"మా ఆయనకు జర చెప్పుండ్రి టీచర్, గవన్ని ఏం లేవని. అన్నం తింటలేడు. నేను చెప్తె ఇంటలేడు. మీరు చెప్తె ఇంటడు." తర్వాత గొంతు తగ్గించింది. "ఆ దినం నేను లోపల ఉన్న. ఆయన చేసింది తప్పే. నేను కాదంటలేను."

పదహారేళ్ళుగా నేను చెబుతున్న పాఠం అది. ఒక్క వాక్యం చాలు. అతను నమ్మినా నమ్మకపోయినా, నా నోటితో అంటే చాలు. కానీ అంటే మర్నాటి నుంచి నేను మామూలు గిరాకీని.

"ఇడ్లీ చల్లారిపోతుంది ప్రేమలతా" అన్నాను.

ఆమె లోపలికి వెళ్ళింది. ఆ వారంలోనే బడిలో మూఢనమ్మకాల పాఠం రావాలి. దాన్ని దాటేసి తర్వాతి పాఠం మొదలుపెట్టాను. పిల్లలు గమనించలేదు.

*

ఆగస్టు మూడో వారం. ఎప్పటిలాగే షట్టర్‌తో పాటు లోపలికి వెళ్ళాను. తొలి వాయి దిగింది. మొగులయ్య రెండు ఇడ్లీల ప్లేటు నా ముందు పెట్టాడు. అప్పుడే వంటింట్లో పెద్ద చప్పుడైంది, ఆ వెంటనే ప్రేమలత అరుపు.

మరిగే సాంబారు గంజు ఒరిగి ఆమె ఎడమచేతి మీద పడింది. మల్లేశ్వర్ ఆమెను పట్టుకుని బయటికి తెచ్చాడు. మోచేతి నుంచి వేళ్ళ దాకా ఎర్రగా ఉంది. ఎవరో ఇడ్లీపిండి తెచ్చి చేతి మీద దిమ్మరించారు.

కాలిన చోట ముందు చన్నీళ్ళు పోయాలి. ఎనిమిదో తరగతికి ఏటా చెబుతాను. ఆమెకూ చెప్పాను. చేతులు కడుక్కునే నీళ్ళ డ్రమ్ము నా బల్లకు మూడడుగుల దూరంలో ఉంది.

మల్లేశ్వర్ తాళంచెవులు తీశాడు. తీసి ఆగాడు. నా ప్లేటు చూశాడు.

"టీచరమ్మా, తినుండ్రి. జల్ది తినుండ్రి. దండం పెడ్త."

"తింటున్నాను" అన్నాను.

ముందు అంచు తుంచాను. చట్నీలో అద్దాను. నమిలాను. రెండో అంచు. గడియారంలో అయిదూ పన్నెండు. మా ఆయన ఎలా తినేవారో అలాగే తింటున్నానని చేతిని చూసుకున్నాకే తెలిసింది. అంచులన్నీ ముందు, మధ్యభాగం చివరికి. ప్రేమలత బెంచీ మీద కూర్చుని, అరుస్తూ, నన్నే చూస్తోంది. అదే బెంచీ.

"టీచర్" అంది ఒకసారి.

మల్లేశ్వర్ చేతిలో తాళంచెవులు గలగలమంటున్నాయి. నేను రెండో ఇడ్లీ మొదలుపెట్టాను. అయిదూ పదహారు.

అప్పుడు అతను నా ప్లేటు మీంచి చూపు తీశాడు. దేవుడి పటాన్ని చూడలేదు. గల్లాపెట్టెను చూడలేదు. భార్యను రెండు చేతులతో ఎత్తుకుని, కొత్త దర్వాజలోంచి పక్కకు తిరిగి, బయటికి పోయాడు. వ్యాను కదిలిన చప్పుడు వినిపించింది.

బోణీ కాలేదు. ఇడ్లీ ఇంకా నా ప్లేటులో ఉంది.

తినడం ఆపలేదు. ఎందుకో చెయ్యి ఆగలేదు. మొగులయ్య వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. అతను ఎప్పుడూ నా మీద గొంతు ఎత్తలేదు. అప్పుడూ ఎత్తలేదు.

"సేటు పోయిండమ్మా" అన్నాడు. "ఇగ ఎవరి కోసం తింటున్నరు?"

*

వారం తర్వాత మళ్ళీ హోటల్ తెరిచారు. మొదటి గిరాకీగా వెళ్ళాను. మల్లేశ్వర్ నా నుదురు చూడలేదు. నేనిచ్చిన నోటును కళ్ళకద్దుకోకుండా గల్లాలో పడేశాడు.

"బోణీ అయిందా?" అని అడిగాను. ఇన్ని రోజుల్లో నేను అతన్ని అడిగిన మొదటి ప్రశ్న అది.

"గదేం లేదు టీచరమ్మా ఇగ. ఎవరొస్తె వాళ్ళే." బల్ల మీది నీటి మరకను వేలితో తుడిచాడు. "ఆమె గట్ల అరుస్తుంటె నాకు ఏం యాదికి రాలె. బండి ఎట్ల తీసిన్నో నాకే ఎరుక లేదు."

నిజమే చెప్పాడు. మా ఆయన అరవలేదు. ఆయనకు అరవడం రాదు. అరిచి ఉంటే వ్యాను కదిలేదా? ఆ ప్రశ్న జూన్‌లో నాకు లేదు. ఇప్పుడు ఉంది. కోపం తగ్గిందనుకునేవాళ్ళు ఉంటారు. తగ్గలేదు. అంతకు ముందు ఒక నియమం మీద ఉన్న కోపం ఇప్పుడు ఒక మనిషి మీదికి వచ్చింది. నియమాన్ని దాటగలడని చూపించాడు. తన మనిషి కోసం దాటాడు.

ఆ తర్వాత ఆ హోటల్‌కు వెళ్ళడం మానేశాను. అద్దం మూల అంటించిన బొట్టు తీసి పెట్టుకున్నాను. దాని జిగురు మచ్చ అద్దం మీద ఉండిపోయింది.

ఇది రాస్తున్నది 1999లో. ఊరి చుట్టూ పొలాల్లో రాళ్ళు పాతుతున్నారు. విమానాలు దిగుతాయంటున్నారు. మల్లేశ్వర్ హోటల్ మళ్ళీ బాగా నడుస్తోంది. లారీలు తిరిగొచ్చాయి. ప్రేమలత మాత్రం వంటింట్లోకి రావడం లేదట. ఎడమచేతి మూడు వేళ్ళు ముడుచుకుపోయి తెరుచుకోవని విన్నాను. మొగులయ్య ఆ 1997 దసరా ముందే ఒకసారి బడి గేటు దగ్గరికి వచ్చాడు.

"టీచర్‌ను ఒక్కపారి రమ్మన్నది" అన్నాడు.

"ఏమంది?"

"ఏం అనలేదమ్మా. ఒక్కపారి రమ్మన్నది, గంతే."

ఆమె ఏమంటుందో నాకు తెలుసు. లేదా ఏమీ అనదు, అల్లం చట్నీ చేయించి పెడుతుంది. రెండోదే నాకు ఎక్కువ భయం.

వాళ్ళ ఇల్లు హోటల్ వెనక సందులో ఉంది. మా బడి నుంచి ఎనిమిది నిమిషాల నడక. నేను ఇంకా వెళ్ళలేదు.